తొట్టి అడుగున నాలుగు నిమిషాలు

ఆ వర్క్‌షాపులో ఆమెను అందరూ వదినా అనే పిలిచేవారు. సొంత మరిది అక్కడే పనిచేసేవాడు. అతని నోటి పిలుపు నలుగురికీ అంటుకుని, చివరికి ఆమె కన్నా ఇరవయ్యేళ్ళు పెద్దవాడైన వాచ్‌మన్ కూడా వదినా అనడం మొదలుపెట్టాడు. ఆమె భర్త అక్కడే వెల్డరు. ఆయనొక్కడికే ఆమె వదిన కాదు.

స్టోరు ఆమె చేతిలో ఉండేది. అందులో ఆమె ఎప్పుడూ ఒక కన్నేసి ఉంచేది నీలం డ్రమ్ముల మీద. వాటిలో ఉన్నది ట్రైక్లోరోఎథిలీన్. అంత పేరుకి నోరు తిరగక అందరూ ట్రైకో అనేవారు. చూడ్డానికి నీళ్ళలా తేటగా ఉంటుంది, కాస్త తియ్యటి వాసన వేస్తుంది. షెడ్డు చివర నేలలోకి సగం దిగిన ఉక్కు తొట్టి ఒకటుంది. దాని అడుగున ట్రైకో మరుగుతుంటే, లేచిన ఆవిరి అంచు దాటిపోకుండా చుట్టూ చల్లనీటి గొట్టాలు కాపలా కాసేవి. నూనె జిడ్డు పట్టిన ఇనుప భాగాలను బుట్టలో పెట్టి ఆ ఆవిరిలోకి దించితే అయిదు నిమిషాల్లో తళతళలాడుతూ పైకొచ్చేవి. ఆ తొట్టి పని మరిదిది.

"పెట్రోలుని చూసి భయపడు వదినా, అర్థముంది. ఇది మంట కూడా అంటుకోదు" అనేవాడు.

"అంటుకోదు. నిద్రపుచ్చుతుంది" అనేది ఆమె.

సరుకు పంపే కంపెనీవాళ్ళు రెండు రోజులు శిక్షణ ఇస్తామంటే వర్క్‌షాపు నుంచి వెళ్ళింది ఆమె ఒక్కతే. మిగతావాళ్ళకి తీరిక లేకపోయింది. తిరిగొచ్చాక ఆమె పోరు పడలేక యజమాని వెల్డింగు షెడ్డును ఆవరణ ఆ చివరికి మార్పించాడు. వెల్డింగు వెలుగు తగిలితే ఈ ఆవిరి విషవాయువుగా మారుతుందని ఆమె చెప్పింది మరి. ట్రైకోతో చేతులు కడుక్కోకూడదు, చర్మం పగులుతుంది. డ్రమ్ము మూత బిగించే ఉంచాలి. మురికిపట్టిన ట్రైకోని కాలువలో పొయ్యకూడదు, భూమిలోకి దిగిపోయి బావినీళ్ళలో తేలుతుంది. ఇవన్నీ రోజూ ఎవరో ఒకరి చెవిన వేస్తూనే ఉండేది. మరిది మొదట్లో ఓ చెవిన విని నవ్వేవాడు. కానీ సాయంత్రం ఒక గ్లాసు మందు పుచ్చుకున్నా అతని ముఖం కందగడ్డలా అయిపోవడం మొదలై, అది ఒంట్లో చేరిన ట్రైకో పనేనని ఆమె చెప్పాక, ఆ నవ్వు కాస్త తగ్గింది.

తొట్టి అడుగున మడ్డి పేరుకుంటే ఆరునెలలకోసారి లోపలికి దిగి గీకాలి. ముందు ట్రైకో అంతా తోడెయ్యాలి, తొట్టి చల్లారాలి, ఆపైన ఒక పూటంతా బ్లోయరు పెట్టి అడుగునున్న గాలిని బయటికి లాగాలి. ఈ ఆవిరి గాలికన్నా బాగా బరువు. మూత తీసి ఉంచినంత మాత్రాన పోదు, గిన్నెలో నీళ్ళలా అడుగునే కూర్చుంటుంది.

ఆ శనివారం ట్రైకో తోడేశారు. బ్లోయరు పెట్టబోతే మోటారు కాలిపోయింది. సోమవారం మధ్యాహ్నానికి కొత్త మోటారు వస్తుందన్నారు.

సోమవారం పొద్దున్న పదిగంటలకి ఆమె స్టోరులో చేతితొడుగులు సర్దుతుంటే వాచ్‌మన్ కేక వినిపించింది. పరుగెత్తుకెళ్ళింది. తొట్టి పక్కన మరిది చెప్పులున్నాయి. లోపల నిలువెత్తుకన్నా లోతున మరిది పక్కకి ఒరిగి పడున్నాడు, చేతిలో గీకుడు పార. ఒక చెంప అడుగున మిగిలిన ట్రైకో తడిలో ఆనుకుని ఉంది.

"రెండు రోజులు మూత తీసే ఉందిగా, రెండు నిమిషాల్లో వచ్చేస్తానన్నాడు వదినా" అన్నాడు వాచ్‌మన్.

అంతలో వెల్డింగు షెడ్డు వైపు నుంచి భర్త దూసుకొచ్చాడు. తొట్టిలోకి ఒక్కచూపు చూసి, తమ్ముడి పేరు పెట్టి అరుస్తూ నిచ్చెన మీద కాలు పెట్టాడు. ఆమె వెనక నుంచి బెల్టు పట్టుకుంది.

"ఆపండి! దిగితే మీరూ పడిపోతారు!"

"వదులు!"

"పట్టుకోండి ఈయన్ని!" అని అరిచింది. వాచ్‌మన్, లేతు మిషను పనివాడు చెరో చెయ్యీ పట్టుకున్నారు. ఆయన విదిలించుకుంటుంటే మోచెయ్యి తగిలి ఆమె పెదవి చిట్లింది. ఆమెకా సంగతి తర్వాతెప్పుడో తెలిసింది.

స్టోరుకి పరుగెత్తింది. గాలి సిలిండరు, మాస్కు, తాడు. శిక్షణలో ఇరవైసార్లు తొడిగించి విప్పించారు. అయినా ఆ రోజు ఒక బకిల్ ఎంతకీ పడలేదు. వచ్చేసరికి భర్త నేలమీద కూలబడి, మనుషుల చేతుల్లో ఇంకా పెనుగులాడుతున్నాడు.

"అది నాకివ్వు! నా తమ్ముడు!"

"నీకిది తొడుక్కోవడం రాదు, నాకొచ్చు. మనిషిని పైకి లాగే బలం నాకు లేదు, నీకుంది. ఈ తాడు పట్టుకో!"

పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో భర్తని ఆమె 'నువ్వు' అనడం అదే మొదలు. ఆయన లేచి తాడు పట్టుకున్నాడు.

నిచ్చెన దిగుతుంటే ఆమెకి మాస్కులో తన ఊపిరి తప్ప ఏమీ వినిపించలేదు. మరిది కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, పెదవులు నీలంగా ఉన్నాయి. చంకల కింద తాడు చుట్టి ముడేసి చెయ్యెత్తింది. భర్త ఒక్క ఊపున లాగాడు. ఆమె వెనకే ఎక్కింది. వాచ్‌మన్ కేకకీ దీనికీ మధ్య నాలుగు నిమిషాలో, ఇంకాస్త ఎక్కువో.

ఆరుబయట పడుకోబెట్టి, తడిసిన బట్టలు కత్తిరించి తీసేశారు. కాసేపటికి మరిది దగ్గి, కళ్ళు తెరిచి, ఏమీ జరగనట్టు లేవబోయాడు. ఆమె భుజాలు నొక్కిపట్టింది.

"కదలకు. ఈ ఆవిరి ఒంట్లో ఉండగా నాలుగడుగులు వేసినా గుండె గతి తప్పొచ్చు."

డ్రమ్ముతో వచ్చిన జాగ్రత్తల కాగితం తీసుకుని అంబులెన్సు ఎక్కింది. ఆసుపత్రిలో డాక్టరు అది చదివి, చేతిలోకి తీసుకున్న, గుండెని ఇంకా రెచ్చగొట్టే ఇంజెక్షన్‌ని పక్కన పెట్టి, ముందు గుండెకి వైర్లు తగిలించమన్నాడు. ఆ రాత్రి గుండె రెండుసార్లు లయ తప్పిందని మర్నాడు చెప్పాడు.

మరిది పదకొండు రోజులకి ఇంటికొచ్చాడు. చెంప మీద మచ్చ మిగిలింది. కొన్నాళ్ళు చేతులు వణికేవి, తెలిసినవాళ్ళ పేర్లు తడుముకునేవాడు. కానీ నోటి దురుసు ముందుగానే తిరిగొచ్చింది. "అన్నయ్యని 'నువ్వు' అన్నావటగా వదినా! అంత ముచ్చట జరుగుతుంటే నేను నిద్రపోయానా!" అన్నాడు. భర్త కూడా నవ్వేశాడు.

నవ్వనిది మరిది పెళ్ళాం, ఆమె తోటికోడలు ఒక్కతే. వీధిలో రెండిళ్ళ అవతలే కాపురం. అయినా తోటికోడలు ఈ గడప తొక్కడం మానేసింది. ఎదురుపడితే తల తిప్పుకునేది. అన్న దిగబోతే వదిన పట్టుకు ఆపిందన్న సంగతి ఎవరో ఆమె చెవిన వేశారు. మాస్కు తొడుక్కుని దిగింది కూడా వదినేనన్నది ఆమె బుర్రకెక్కలేదో, ఎక్కినా మింగుడుపడలేదో. భర్త వెళ్ళి చెప్పి చూశాడు. "నేను దిగుంటే ఇద్దరం అక్కడే ఉండేవాళ్ళం" అన్నాడు. ఆమె విని లోపలికి వెళ్ళిపోయింది.

మూడు నెలలకి యజమాని ఆ తొట్టి తీయించేశాడు. వేడినీళ్ళూ సబ్బుద్రావణంతో కడిగే యంత్రం తెచ్చాడు. ఖాళీ నీలం డ్రమ్ములు కంపెనీవాళ్ళు వచ్చి తీసుకుపోయారు. ఆ సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి వంటింట్లో తోటికోడలు నిలబడి ఉంది.

"అక్కా, ఒక్కమాట అడుగుతాను. నిజం చెప్పు" అంది. "ఆ తొట్టిలో పడింది బావగారైతే? అప్పుడు కూడా ముందు స్టోరుకి పరుగెత్తేదానివా?"

ఆ ప్రశ్న ఆమె అప్పటికి ఎన్నోసార్లు తనకి తాను వేసుకున్నదే.

"తెలీదు" అంది. "పరుగెత్తాలి. పరుగెత్తేదాన్నో లేదో తెలీదు."

తోటికోడలు కళ్ళు తుడుచుకుని కుర్చీ లాక్కుని కూర్చుంది.

"'పరుగెత్తేదాన్నే' అని నువ్వనుంటే నమ్మేదాన్ని కాదు, ఇటునుంచిటే వెళ్ళిపోయేదాన్ని" అంది.

ఆమె పొయ్యి మీద టీ పెట్టింది. పాలు పొంగాక రెండు గ్లాసుల్లో పోసి, ఒకటి తోటికోడలి ముందుంచింది.