లిఫ్టు మీద అనుమానం

ఎనిమిదిన్నరకి, ఇంకా ఎవరూ రాకముందే, అతను ఖాళీ లిఫ్టుని ఒకసారి పైదాకా తీసుకెళ్ళి కిందికి తెచ్చాడు. ముప్ఫై ఒక్కేళ్ళుగా రోజూ అదే పని. ఏడంతస్తుల ఆ ఆఫీసు భవనంలో లిఫ్టు పాతకాలపుది. ఇనప జాలీ తలుపు, ఇత్తడి పిడి, మూల అతను కూర్చునే చెక్క స్టూలు. స్టూలుకి ఒక కాలు పొట్టి. ఊగకుండా దాని కింద మందులపెట్టె అట్ట మడిచి పెట్టుకున్నాడు. గడపకీ నేలకీ వెంట్రుకవాసి తేడా లేకుండా లిఫ్టు ఆపడమే అతనికి తెలిసిన విద్య. దాన్ని మెచ్చుకున్నవాడు లేడు. తేడా వచ్చి కాలు తట్టుకుంటేనే కదా ఎవరైనా గమనించేది.

ఇవాళ మూడో అంతస్తు దాటుతుండగా లిఫ్టు బరువెక్కింది, ఎవరో కిందినుంచి పట్టి లాగుతున్నట్టు. పిడి బిగుసుకుపోయి ఎడమచెయ్యి భుజందాకా లాగేసింది. కిందికి వచ్చేసరికి చొక్కా తడిసి ముద్దయింది. ఇవాళ ఇది ఎవరినో పొట్టన పెట్టుకుంటుంది అనిపించింది. అనుకోవడం వేరు, అనిపించడం వేరు. ఆ తేడా అతనికి తెలుసు, చెప్పమంటే మాత్రం చేతకాదు.

అనిపించడం కొత్తేమీ కాదు. ఆఫీసులో అతని పేరే జోస్యం బాబాయ్. ఎక్కినవాడల్లా "ఏం బాబాయ్, ఇవాళ మనసేమంటోంది?" అని ఆటపట్టించేవాడు. ఏదో జరుగుతుందని ఎన్నోసార్లన్నాడు, ఏమీ జరగలేదు. తల్లి పోయిన రోజు మాత్రం ఏమీ అనిపించలేదు. సుష్టుగా భోంచేసి కునుకు తీశాడు. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు. నిజమైంది ఒక్కటే ఒక్కసారి. పంతొమ్మిదేళ్ళ కిందట ఆరో అంతస్తు టైపిస్టుని "ఇప్పుడు ఎక్కకు చెల్లెమ్మా" అని ఆపేశాడు. మిగతావాళ్ళు నవ్వి ఎక్కారు. లిఫ్టు మధ్యలో ఆగిపోయి, వాళ్ళతోపాటు తనూ రెండు గంటలు ఇరుక్కుపోయాడు.

ఇవాళ అతను కబురు పెడితే మెకానిక్ వచ్చి అన్నీ విప్పి చూశాడు.

"పిడి వెన్నలా తిరుగుతోంది బాబాయ్. తేడా నీలోనే ఉంది," అని నవ్వాడు.

మేనేజరు నవ్వను కూడా నవ్వలేదు. "ఏమయ్యా, నీకేదో అనిపించిందని జనాన్ని ఏడంతస్తులు నడిపించమంటావా?"

చెప్పడానికి ఏముంది? చూపిద్దామంటే తెగిన తీగ లేదు, ఊడిన మర లేదు. "సరేనండి," అన్నాడు.

జనం ఎక్కారు. ఒక్కో విడతా ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని నడిపాడు. వాళ్ళందరి తలకాయలూ వెనకనుంచి చూస్తుంటే అతనికి జాలేసింది. వీళ్ళలో ఎవరు? ఎవరిని దింపెయ్యాలి?

పదింటికి టైపిస్టు వచ్చింది. ఆవిడకి ఇప్పుడు రెండు మోకాళ్ళూ పనిచేయవు.

"ఏంటన్నయ్యా, మొహం అలా వాడిపోయింది?"

"ఇవాళ దీన్ని ఎక్కకు చెల్లెమ్మా."

"సరే," అంది ఆవిడ. అని మెట్ల వైపు చూసింది.

భవనం మొత్తానికి అతని మాట నమ్మే మనిషి ఒక్కతే, ఆవిడేమో మెట్లెక్కలేదు. ఇదేం ఖర్మ. మాట వెనక్కి తీసుకుందామంటే నోరు రాలేదు. పిడి మెకానిక్‌కి అప్పజెప్పి, స్టూలు, అట్టముక్క చేతబట్టుకుని ఆవిడ వెనకే మెట్లెక్కాడు.

అంతస్తు అంతస్తుకీ స్టూలు వేశాడు. పొట్టికాలి కింద అట్ట సర్ది, ఊపి చూసి, అప్పుడు కూర్చోమన్నాడు. తను రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు.

"కాసేపు నువ్వు కూర్చో అన్నయ్యా, ఆయాసపడుతున్నావు."

"నాకేం, పొద్దస్తమానం కూర్చునేవాణ్ణేగా."

నాలుగో అంతస్తులో ఆవిడ అడిగింది, "అనిపించడమంటే ఎలా ఉంటుంది?"

"ఇక్కడ ఎవరో తలుపు కొడతారు," అని ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. "ఎవరి కోసం వచ్చారో మాత్రం చెప్పి చావరు."

ఆరో అంతస్తులో స్టూలు అక్కడే వదిలేశాడు. "ఉండనీ, సాయంత్రం దిగేటప్పుడు కావాలిగా. నేనే వస్తాను."

ఆ తరవాత పొద్దల్లా నిలబడే లిఫ్టు నడిపాడు. ఎవరికీ ఏమీ కాలేదు. నాలుగుంపావుకి పై అంతస్తులవాళ్ళతో కిందికి వచ్చాడు. గడపా నేలా ఎప్పటిలాగే అతుక్కున్నాయి. జాలీ తలుపు లాగాడు. అందరూ దిగారు, ఒక్కరి కాలూ తట్టుకోలేదు. చివర దిగినావిడ ఎందుకో వెనక్కి తిరిగి చూసింది. రోజూ స్టూలుండే మూలలో అతను నేలమీద, గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

పొద్దుటినుంచీ గుండె మొరపెట్టుకుంటూనే ఉండి ఉంటుంది అన్నాడు డాక్టరు. అది లిఫ్టు మొర అనుకున్నాడు అతను. మెకానిక్ కనిపించినవాళ్ళందరినీ ఆపి, "లిఫ్టుకేం కాలేదండీ, పొద్దున్నే చెప్పాను," అని ఏడ్చాడు.

పైన ఆ సంగతి తెలియదు. అయిదున్నరకి టైపిస్టు సంచీ ఒళ్ళో పెట్టుకుని ఆరో అంతస్తు మెట్ల దగ్గర స్టూలు మీద కూర్చుని ఎదురుచూస్తోంది. అడుగుల చప్పుడు వినిపిస్తే "వచ్చావా అన్నయ్యా," అంది. వచ్చింది మెకానిక్. అతని మాట విని, సంచీ భుజానికి తగిలించుకుని లేచింది. తరవాత ఒక చెయ్యి రెయిలింగు మీద, ఒక చెయ్యి అతని భుజం మీద వేసి, ఎక్కడా కూర్చోకుండా ఆరంతస్తులూ దిగింది.

స్టూలు పైనే ఉండిపోయింది, పొట్టికాలి కింద అతను మడిచి పెట్టిన అట్టతో, కాస్త కూడా ఊగకుండా.