వరసలో చివరి సైకిల్

నేను ఒక ఓర్వలేని సైకిల్‌ని. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. నా జాతివాళ్ళు కథ చెప్పుకుంటే ఎంత బరువు మోశారో, ఎన్ని ఊళ్ళు తిరిగారో, చివరికి ఎలా తుప్పు పట్టారో చెప్పి మీ చేత కంటతడి పెట్టిస్తారు. నేనూ మోశాను. నాకూ తుప్పు పట్టింది. కానీ ఇన్నేళ్ళూ నన్ను లోపల్నుంచి తిప్పింది మాత్రం అసూయే.

నేను పుట్టింది లూధియానాలో. అదీ ఒక్కసారిగా కాదు, చట్రం ఒకచోట, చక్రాలు ఒకచోట, గొలుసు ఇంకోచోట. గోనెగుడ్డలు చుట్టిన కట్టల్లో రైలెక్కి విజయనగరం వచ్చాక, ఒక కొట్లో మస్తాన్ అనే మెకానిక్ ఒక మధ్యాహ్నమంతా కూర్చుని నన్ను ఒక్కటి చేశాడు. చివర్లో బెల్లు బిగించి రెండుసార్లు మోగించి, "ఏనుగులాగుంది" అన్నాడు. మురిసిపోయాను. అంతలో పక్కనున్న బుట్ట సైకిల్‌ని చూసి, "ఇది మాత్రం నెమలి" అన్నాడు. నా జబ్బు అక్కడ మొదలైంది.

నన్ను మొదట కొన్నది మలేరియా ఆఫీసులో పనిచేసే గుంపస్వామి గారు. ఊరూరా తిరిగి జ్వరం వచ్చినవాళ్ళ వేలు పొడిచి రక్తం తీసుకునేవారు. నన్ను చూస్తే పిల్లలు ఇళ్ళలోకి పరుగెత్తేవాళ్ళు. అదీ ఒక గౌరవమే అనుకునేదాన్ని. తొమ్మిదేళ్ళ తర్వాత ఆయన స్కూటరు కొన్నారు. స్కూటరుకి దుప్పటి కప్పేవారు. నా సీటు మీద కాకులు వాలేవి. ఆర్నెల్లు ఆ దుప్పటిని చూస్తూ గడిపాను. అప్పుడు పైడయ్య వచ్చి నన్ను తీసుకుపోయాడు.

పైడయ్యది చింతగెడ్డ. ఏడు కిలోమీటర్ల దూరంలోని జనపనార మిల్లులో మగ్గాల దగ్గర పని. ఉదయం ఆరింటికి మొదటి షిఫ్టు. అయిదు కొట్టేసరికి ఊళ్ళోంచి ఇరవైమూడు సైకిళ్ళు వరసగా బయలుదేరేవి. మూడు కిలోమీటర్లు ఊరి బాట, ఆపైన పెద్దరోడ్డు. ఆ రోడ్డు మీద కొండ క్వారీ నుంచి కంకర మోసే టిప్పర్లు భూమి అదిరేలా పోతుండేవి. అందుకని మావాళ్ళు ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఎర్రకాగితం చుట్టిన టార్చిలైటు ఒకటి ఉండేది. వరసలో చివరివాడు దాన్ని క్యారేజీకి వెనక్కి తిప్పి కట్టుకోవాలి. రోజుకొకరి వంతు. తన వంతు కాని రోజుల్లో పైడయ్యే వరసకి ముందుండేవాడు. గొంతున్న మనిషి. ఏ గొడవొచ్చినా మిల్లు ఆఫీసులో మాట్లాడేది అతనే. అందరికంటే ముందు వెళ్ళే సైకిల్‌నయ్యానని నాకు మహా గర్వం.

పైడయ్య పక్కింటివాడు సూర్రావు. ఇద్దరూ ఒకే ఏడు మిల్లులో చేరారు. సూర్రావు నలుగురిలో గట్టిగా దగ్గడానికి కూడా మొహమాటపడేవాడు. పని మాత్రం నిఖార్సుగా చేసేవాడు. ఒకరోజు మిల్లువాళ్ళు మేస్త్రీ పని పైడయ్యకి కాకుండా సూర్రావుకి ఇచ్చారు. ఆ నెలలోనే సూర్రావు కొత్త సైకిల్ కొన్నాడు. నీలం రంగు. గేర్లు. గొలుసుకి వెండిలా మెరిసే కవరు. పైడయ్య బయటికి నవ్వి, "మంచిదిరా" అన్నాడు. ఇంటికొచ్చి నన్ను గోడకి ఆనించడం మానేసి, విసిరినట్టు వదిలేశాడు. ఆ రోజు నుంచి మనిషికీ బండికీ ఒకటే జబ్బు. అతను సూర్రావు వీపుని చూసి కుమిలేవాడు, నేను నీలంసైకిల్ వెనకచక్రాన్ని చూసి కుమిలేదాన్ని.

డిసెంబరులో ఒక ఉదయం మంచు దట్టంగా పట్టింది. టార్చి వంతు పైడయ్యది. మా ముందు సూర్రావు తీరిగ్గా తొక్కుతున్నాడు. అంతకు ముందురోజే మగ్గం దగ్గర ఏదో పొరపాటుకి పదిమందిలో పైడయ్యని మెత్తగా మందలించాడట. మెత్తగా అనడమే పైడయ్యకి మరీ కాలింది. పెద్దరోడ్డు ఎక్కిన కాసేపటికి అతని పాదాలు నా పెడళ్ళ మీద బిగుసుకున్నాయి. ఒక్క ఊపున నీలంసైకిల్‌ని దాటేశాడు. వరసలో ఒక్కొక్కరినీ దాటుకుంటూ ముందుకి పోయాడు.

వెనక నుంచి సూర్రావు కేక వినిపించింది. "ఒరే పైడిగా! లైటురా! లైటట్టుకెల్లిపోతన్నావు!"

పైడయ్య విన్నాడు. నేనూ విన్నాను. నిజం చెప్పనా? నా జన్మలో నా చక్రాలు అంత తేలిగ్గా ఎప్పుడూ తిరగలేదు. నీలాన్ని వెనక్కి నెట్టేశానన్న సంబరంలో ఉన్నాను. అప్పుడు వెనకాల చప్పుడయింది. పెద్ద చప్పుడేమీ కాదు. రేకుడబ్బా మీద ఎవరో కాలు వేసినట్టు. ఆ తర్వాత టిప్పరు బ్రేకులు చాలాసేపు అరిచాయి.

సూర్రావు బతికాడు. ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. మంచువల్లే జరిగిందని అందరూ అన్నారు, కాగితాల్లోనూ అలాగే రాశారు. టార్చి అప్పుడప్పుడు ఆరిపోయేదే కాబట్టి దాని గురించి ఎవరూ అడగలేదు. సూర్రావూ ఆ మాట ఎత్తలేదు. పైడయ్య దాన్ని విప్పి బియ్యం డబ్బా వెనక దాచాడు. చాలా రోజులు నన్ను ముట్టుకోలేదు, మిల్లుకి నడిచి వెళ్ళాడు.

ఇక్కడిదాకా విని మీరు నన్ను క్షమించినా, ఇకపై చెప్పేది విని క్షమించరు. పోలీసులు నీలంసైకిల్‌ని తిరిగి ఇచ్చేశాక సూర్రావు భార్య గౌరమ్మ దాన్ని పాతసామాన్లవాడికి వెయ్యలేదు. ఊరి బాట పెద్దరోడ్డులో కలిసేచోట ఒక స్తంభం పాతించి, వంగిపోయిన ఆ సైకిల్‌ని దాని మీద కట్టించింది. కింద ఒక చెక్క మీద తన చేత్తోనే రాసింది: "ఈ బండి మీద మా ఆయన ఉన్నాడు. మెల్లగా ఎల్లండి."

అంతే, లోకమంతా దాని చుట్టూ చేరింది. హైస్కూలు ఆడపిల్లలు వచ్చి బంతిపూల దండ వేశారు. పేపరువాళ్ళు ఫోటోలు తీశారు. పక్క ఊళ్ళవాళ్ళు సైకిళ్ళు దిగి దానికి దణ్ణం పెట్టి వెళ్ళేవాళ్ళు. ఆర్నెల్లయినా తిరగని బండి! నేను మలేరియా రోజుల నుంచి ఎండలో వానలో మోస్తున్నదాన్ని, ఒక్కణ్ణీ కింద పడెయ్యనిదాన్ని. నా హేండిల్‌కి ఒక పువ్వయినా ఎవరూ తగిలించలేదు. గుద్దించుకుంటే గానీ మనుషుల కంటికి ఆనమన్నమాట అనుకున్నాను. మనుషుల తీరు అలాంటిది. తిరిగే సైకిల్ కన్నా విరిగిన సైకిలే వాళ్ళకి బాగా కనిపిస్తుంది.

పైడయ్య పరిస్థితీ అదే. ఒక సాయంత్రం స్కూలు మైదానంలో మీటింగు పెట్టారు. చంకలో కర్రలతో సూర్రావు మైకు ముందుకి వచ్చాడు. మైకుని రెండుసార్లు తట్టి చూశాడు. చివరికి, "నానేటీ పెద్దగా సెప్పనేను," అన్నాడు. "మేం రోడ్డు మీదున్నాం. మీకు కనపడాల. మీరు సూడాల. అంతే." మైదానమంతా చప్పట్లతో మోగింది. నా సీటు మీద చెయ్యేసి వెనక నిలబడ్డ పైడయ్య, ఇరవై ఏళ్ళు గొంతు చించుకున్న పైడయ్య, "కాలు పోతే నాకూ కొడతారు సప్పట్లు," అని గొణిగాడు. అని, తన మాట తానే విన్నట్టు ఉలిక్కిపడ్డాడు. నా సీటు మీది చెయ్యి తీసేసుకున్నాడు.

అప్పుడు సూర్రావుకి ఒక ఆలోచన వచ్చింది. క్వారీకి సెలవున్న ఒక ఆదివారం టిప్పరు డ్రైవర్లని ఆ స్తంభం ఉన్న కూడలి దగ్గరికి పిలిచాడు. ఎనిమిదిమంది వచ్చారు. వాళ్ళని సైకిళ్ళ మీద రోడ్డు అంచున కొంచెం దూరం తొక్కమనడం, వాళ్ళలో ఒకడే ఖాళీ టిప్పరుని రోజూ పోయే జోరుతో పక్క నుంచి పోనివ్వడం. ఇదీ పథకం. స్టేషన్ నుంచి కానిస్టేబుళ్ళు వచ్చి మిగతా బళ్ళని ఆపారు. సైకిళ్ళు కావలసివచ్చి గౌరమ్మ పైడయ్య గుమ్మంలోకి వచ్చింది.

"అన్నియ్యా, నీ బండి గట్టిది. ఓ పూట ఇస్తావేటి?"

పైడయ్య ఆమె మొహం చూడకుండానే తలూపాడు.

నా మీద ఎక్కింది బంగారయ్య అనే లావుపాటి డ్రైవరు. తోటివాళ్ళు ఈలలేస్తుంటే నవ్వుతూ తొక్కాడు. వెనక టిప్పరు కదిలింది. ముందు నేల వణికింది. తర్వాత హారను. ఆ తర్వాత గాలి. గోడ మీద పడ్డట్టు గాలి. బంగారయ్య హేండిల్ వదిలేశాడు. నేను కంకరలోకి జారిపోయాను. పడిపోకుండా అతను కాళ్ళు ఆనించాడు. టిప్పరు ఎప్పుడో పోయింది, అతను మాత్రం చాలాసేపు నా మీంచి దిగలేదు.

"పద్దెనిమిదేళ్ళయి తోల్తన్నాను," అన్నాడు చివరికి. "ఇంత గాలి కొడతాదని నాకు తెల్దు."

ఎవరూ ఈల వేయలేదు. మిగతా ఏడుగురూ ఒక్కొక్కరే తొక్కారు. తర్వాత బంగారయ్యే తన క్యాబిన్‌లోంచి, టిప్పర్లకి వెనకాల అంటించే మెరిసే ఎర్ర టేపు చుట్ట తెచ్చి, కత్తెర అడిగి పుచ్చుకుని, మిగిలిన ఇరవైరెండు సైకిళ్ళ మడ్‌గార్డులకీ అంటించాడు. మొదట నాకే. ఇన్నేళ్ళ జీవితంలో నలుగురి మధ్య నాకు జరిగిన మొదటి మర్యాద. పేపరాయన కెమెరా ఎత్తాడు. మరునాడు పేపర్లో ఫోటో వచ్చింది. అందులో స్తంభం మీద నీలంసైకిల్ స్పష్టంగా ఉంది. దాని కింద నా వెనకచక్రం సగం.

ఆ ఆదివారం సాయంత్రం జనం వెళ్ళిపోయాక, కల్వర్టు గట్టు మీద సూర్రావు కూర్చుని ఉన్నాడు. పైడయ్య నన్ను స్టాండు వేసి అతని పక్కన నిలబడ్డాడు.

"ఆ దినం టార్చి..." అన్నాడు.

"తెలుసు."

"నువ్వు కేకేసినావు. నాను ఇన్నాను. ఇనే ఎల్లిపోనాను."

"అదీ తెలుసురా."

"మరి ఎవులికీ ఎందుకు సెప్పనేదు?"

సూర్రావు కర్రల్ని ఒళ్ళో సర్దుకున్నాడు. "సెప్తే ఊరంతా నిన్నే సూస్తాది. లారీలని సూడదు. రోడ్డుని సూడదు. నిన్ను తిట్టుకుని ఇంటికి పోతారు." తెగిన కాలిని ఒకసారి తడుముకున్నాడు. "నాకు కోపం నేదనుకోకు. పోయిన కాలు ఇంకా నొప్పెడతాది. అప్పుడు నిన్నే తిడతాను. మా ఆవిడకి అర్థం కాకుండా తిడతాను."

"నన్నేటి సెయ్యమంటావు?"

"ఎనకాల రా. దినామూ. వంతులొద్దు."

మర్నాడు పైడయ్య గౌరమ్మ ఇంటికి వెళ్ళి, వాకిట్లోనే నిలబడి ఉన్నదంతా చెప్పాడు. ఆమె చేతిలోని చాట కింద పెట్టి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఏడాది పాటు అతనితో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతుంది కానీ అన్నియ్య అనదు. "ఓ పైడయ్యా" అంటుంది. అతను దానికే పలుకుతాడు.

ఇది జరిగి అయిదేళ్ళయింది. కూడలిలో స్పీడుబ్రేకర్లు వచ్చాయి, దీపం వచ్చింది. కొత్త డ్రైవరెవడైనా క్వారీలో చేరితే బంగారయ్య మొదటివారంలోనే తీసుకొచ్చి సైకిల్ ఎక్కిస్తాడు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళూ టేపు అంటించుకుంటున్నారు. సూర్రావు పెట్టుడుకాలితో మళ్ళీ మేస్త్రీ పని చేస్తున్నాడు. నెలకొకసారి ఏదో ఒక స్కూల్లో ఆ నాలుగు మాటలే చెప్పి వస్తాడు. నీలంసైకిల్‌కి ఏటా రంగు వేస్తారు, దండ వేస్తారు. దాని మీద నాకు అసూయ పోయిందని చెప్పను. వానాకాలంలో ఆ కొత్తరంగు మెరుస్తుంటే ఇప్పటికీ నా గొలుసు బిగుస్తుంది. కానీ ఈమధ్య ఇంకో సంగతి కూడా చూస్తున్నాను. అది ఎప్పుడూ ఒక్కచోటే ఉంటుంది. దాని పక్కనుంచి ఇరవైరెండు సైకిళ్ళు పోతాయి, పోయినన్నీ సాయంత్రం తిరిగొస్తాయి. అది వాటిని చూస్తూ ఉంటుంది. నన్ను చూసి అదీ ఓర్వలేకపోతోందేమో. ఆ ఊహ వచ్చాక దాని ముందునుంచి పోతూ డాబుగా బెల్లు మోగించడం మానేశాను.

మా ముందు ఇరవైఒక్క ఎర్రచుక్కలు కదులుతుంటాయి. ఎవరిదైనా టైరు దిగితే మేమూ ఆగుతాం. ఎవరైనా మెల్లగా తొక్కితే మేమూ మెల్లగానే. ఆరు కావస్తుండగా మిల్లు గేటు తలుపు ఒక రెక్క మూసి, వాచ్‌మన్ బయటికి తొంగి చూస్తాడు.

"అందరూ వొచ్చినట్టేనా, పైడయ్యా?"

పైడయ్య నా మీంచి దిగుతూ అంటాడు: "నానొచ్చినానంటే అందరూ వొచ్చినట్టే."