మూడు గుండీలు, ఒక హుక్కు

"మీ ఇంట్లో ఎంతమంది?" అని టీచరమ్మ అడిగితే, అయిదేళ్ళ పిడుగు ఏమాత్రం తడుముకోకుండా చెప్పింది.

"మేం ముగ్గురం, ఒక టైలరాంటీ."

"అందరినీ కలిపితే?"

"కలిపినా అంతే. మేం ముగ్గురం, ఒక టైలరాంటీ."

ఆ టైలరాంటీ పిల్ల సంచీ పట్టుకుని బడి గుమ్మంలోనే నిలబడి ఉంది. పిడుగు నాన్నను పెళ్ళి చేసుకుని, కుట్టుమిషనుతో సహా, పిల్లా తండ్రీ నానమ్మా ఉండే ఆ ఇంట్లో అడుగుపెట్టి ఎన్నాళ్ళో కాలేదు. పెళ్ళికి ముందు పిడుగుకు గౌన్లు కుట్టేది, ఆ పిలుపే అంటుకుపోయింది. అమ్మా అని పిలవకపోతే మానె, లెక్కలోకైనా తీసుకుంటే చాలని ఆమె ఆశ. ఆ ఆశ కాస్తా టీచరమ్మ ముందే నీరుగారిపోయింది.

"పిల్లకి కూడికలు రావట్లేదమ్మా," అంది టీచరమ్మ. "ఇంట్లో వస్తువులతోనే నేర్పించండి. పేర్లూ వస్తాయి, లెక్కా వస్తుంది. సోమవారం మళ్ళీ అడుగుతాను."

ఆ సాయంత్రం టైలరాంటీ మిషను బల్ల మీద మూడు గుండీలు, ఒక హుక్కు పెట్టింది.

"మొత్తం ఎన్ని?"

"మూడు గుండీలు, ఒక హుక్కు."

"అలా విడివిడిగా కాదు తల్లీ, మొత్తం!"

పిడుగు గుండీలను గుండీల డబ్బాలో, హుక్కును హుక్కుల డబ్బాలో వేసి మూతలు బిగించింది. "ఏ డబ్బాది ఆ డబ్బాలోనే ఉండాలని నువ్వేగా చెప్పావ్?"

ఆమె చెప్పిన మాట నిజమే. వచ్చిన కొత్తలో పిల్ల డబ్బాలు కెలుకుతుంటే, గుండీల్లో ఒక్క హుక్కు కనబడినా ఊరుకోనని వేలు చూపించి మరీ చెప్పింది. తన గొయ్యి తనే తవ్వుకున్నట్టయింది.

ఇక లాభం లేదనుకుని, గుండె రాయి చేసుకుని, డబ్బాలన్నీ బల్ల మీద బోర్లించేసింది. మళ్ళీ ఏరుకునేసరికి తల ప్రాణం తోకకొస్తుందని తెలుసు. ఆ కుప్పలోంచి మూడు గుండీలూ, ఒక హుక్కూ పక్కకు జరిపింది.

"ఇదంతా కుట్టు సామాను. ఇప్పుడు చెప్పు. ఈ మూడూ, ఆ ఒకటీ?"

పిడుగు కళ్ళు చక్రాల్లా తిరిగాయి. "నాలుగు సామాన్లు! పెద్ద పేరు పెడితే కలిసిపోతాయా?"

"కలిసిపోతాయి."

ఇంకేముంది, పిల్ల ఇల్లు పీకి పందిరేసింది. మూడు చెంచాలూ రెండు గరిటెలూ అయిదు వంటసామాన్లు. నాన్న గురకా, కుట్టుమిషనూ రెండు చప్పుళ్ళు. నానమ్మా, ఆవిడ వాలుకుర్చీ కలిపి రెండు పాతవి.

"నీ చదువు చట్టుబండలు కానూ!" అత్తగారు కుర్చీలోంచే కోడలి మీద కేకేసింది. "నన్ను తీసుకెళ్ళి కుర్చీతో జమకట్టించావా అమ్మాయ్?"

పడుకోబోయే ముందు పిడుగుకు అసలు సందేహం వచ్చింది. "మా ముగ్గురికీ, నీకూ కలిపి పెద్ద పేరేంటి?"

ఆమె పిల్లకు దుప్పటి కప్పింది. "అది నువ్వే వెతుక్కోవాలి."

సోమవారం రానే వచ్చింది. ఆ ఇంట్లో ఉన్నది ఒకటే బాత్రూం. లోపల ఒకరుంటే బయటివాళ్ళు తలుపు బాదడం అక్కడి మర్యాద. ఇన్నాళ్ళూ ఆమె మాత్రం చుట్టపుచూపుగా వచ్చినదానిలా భుజాన తువ్వాలుతో గోడవారగా నిలబడేది. ఆ రోజు బడికి వేళ మించిపోతోంది, లోపలేమో మొగుడు కూనిరాగాలు తీస్తున్నాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ఏవండోయ్! బయటికొస్తారా, తలుపు విరగ్గొట్టమంటారా?" అంటూ రెండు చేతులా దబదబా బాదింది.

బాదాక నాలిక కరుచుకుంది. పిడుగు పళ్ళు తోముకోవడం ఆపి, నోట్లో నురగతో ఆమెనే చూస్తోంది.

బడిలో టీచరమ్మ మర్చిపోకుండా అడిగింది. "మీ ఇంట్లో మొత్తం ఎంతమంది?"

"నలుగురం!"

"భలే! ఎవరెవరు?"

"బాత్రూం తలుపు బాదేవాళ్ళం!"

టీచరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. గుమ్మంలో ఉన్న ఆమె సంచీలో మొహం దాచుకుని, నవ్వుతూనే ఏడ్చేసింది.

మర్నాడు పొద్దున ఆమె అందరికన్నా ముందే బాత్రూంలోకి దూరి గడియ పెట్టుకుంది. కాసేపటికే బయట మూడు జతల చేతులు మొదలుపెట్టాయి.

"టైలరాంటీ, తొందరగా రా!"

ఆమె తాపీగా ఇంకో చెంబు పోసుకుంది.