మేకప్ లేని వీడియో

ఊరందరి పెళ్ళిళ్ళకూ వీడియో తీసినవాడికి తన పెళ్ళి చేసుకునే తీరిక లేకపోయిందని మదనపల్లెలో శామ్యూల్‌ను ఆటపట్టిస్తారు. అది అన్యాయం. తీరికకేం, కావలసినంత ఉండేది. లేనిదల్లా నోరు. తల్లి పోయినాక మిషన్ ఆసుపత్రి వెనక వీధిలోని ఇంట్లో ఒక్కడే మిగిలాడు. ఇంకొకళ్ళ పెళ్ళిళ్ళను కంప్యూటరు ముందు కూర్చుని కత్తిరిస్తూ, అతికిస్తూ నలభై దాటేశాడు. పెళ్ళివాళ్ళు కట్టిచ్చిన భోజనం కూడా అక్కడే విప్పేవాడు. తెర మీద బంతిలో జనం నవ్వుకుంటూ తింటుంటే, వాళ్ళకు ఎదురుగా కూర్చుని తినేవాడు. కాస్త తోడుగా ఉండేది.

ఆ మనిషి ఈసారి గట్టిగా నిశ్చయించుకున్నాడు. సముద్రం దగ్గర తబితను అడిగేయాలని.

తబితది పుంగనూరు. బస్టాండు దగ్గర మేడ మీద బ్యూటీ పార్లరు, దాని వెనకే కాపురం. చెల్లెళ్ళను చదివించి, పెళ్ళిళ్ళు చేసి పంపేసరికి ఆమె వయసు ఆమెతో చెప్పకుండానే ముందుకు వెళ్ళిపోయింది. పెళ్ళికూతుళ్ళను ముస్తాబు చేయడంలో ఆ చుట్టుపక్కల ఆమె పేరే చెబుతారు. అందుకే ఏళ్ళుగా ఇద్దరూ ఒకే పెళ్ళిళ్ళకు, ఫిరోజ్ నడిపే ఒకే వ్యానులో పోతున్నారు. పోయి ఏం లాభం? ఆమె పని ముగిస్తేగానీ ఈయన పని మొదలుకాదు. కెమెరా ఆన్ అయిందంటే ఆమె పక్కకు తప్పుకోవాలి. ఇన్నేళ్ళ వీడియోల్లోనూ ఆమె ఉన్నది అంతంతమాత్రమే. పూలజడ సర్ది వెనక్కి పోయే చెయ్యి, తలుపు చాటుకు జరిగే భుజం. ఎడిటింగులో వాటిని తీసేయడం పద్ధతి. తీసేసే ముందు ఒకసారి చూసుకునేవాడు, అంతే.

వ్యానులో అడగొచ్చు కదా అంటారా? వ్యానులో ఫిరోజ్ ఉంటాడు, లైట్లవాళ్ళుంటారు. అందరికీ మించి శామ్యూల్ ఉంటాడు.

పెళ్ళి, టమోటా మండీ చిన్నస్వామి కూతురు నందినిది. అబ్బాయివాళ్ళది కుప్పం. మదనపల్లెకు గానీ కుప్పానికి గానీ సముద్రంతో ఏ చుట్టరికమూ లేదు. అయినా పిల్ల ఫోనులో చూసి ముచ్చటపడింది, తండ్రి కాదనలేకపోయాడు. చెన్నై దాటి మహాబలిపురం పోయే దారిలో రిసార్టు మాట్లాడారు. మూడు రోజుల పెళ్ళి. సినిమాలాంటి వీడియోకు బెంగుళూరు నుంచి డ్రోను కుర్రాళ్ళు దిగారు. వచ్చిన ప్రతి చుట్టాన్నీ వదలకుండా తీసే పాతకాలం వీడియో మాత్రం శామ్యూల్‌ది.

మొదటిరోజు మెహందీ. కెమెరా తమ వైపు తిరగ్గానే చుట్టాలంతా ఫోటోకి నిలబడినట్టు ఊపిరి బిగబట్టి నిలబడిపోయారు. వెనక సముద్రం ఊగిపోతోంది, ముందు మనుషులు రెప్ప వేయరు.

"కదలండప్పా, ఇది వీడియో!" అని శామ్యూల్ బతిమాలాడు.

"కదిల్తే సెదిరిపోదా?" అంది నందిని మేనత్త పాపక్క, పెదవులు కదపకుండా.

తబిత ఆ సాయంత్రం ఒక్కతే నీళ్ళ అంచున చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడింది. శామ్యూల్ అటు బయలుదేరాడు. సగం దూరం పోయాక, బ్యాటరీలు చార్జింగుకు పెట్టలేదని గుర్తొచ్చి వెనక్కి తిరిగాడు. బ్యాటరీలు పొద్దున్నే పెట్టి ఉన్నాయి. ఆ సంగతి ఆయనకు బాగానే తెలుసు.

రెండోరోజు పసుపు వేడుక. అలల హోరుకు మాటలేవీ వినపడవని, నందిని ముస్తాబు అవుతుండగానే ఆమె పైటకు చిన్న మైకు తగిలించి వచ్చి, గది బయట చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. లోపల పాపక్క గొంతు వినపడింది.

"ఆ వీడియో ఆయప్ప నీకేమైతాడు మే? ఎప్పుడు సూసినా ఇద్దరూ కల్సే వస్తారు. మీ యన్నా?"

మైకు ఆపేయడం మర్యాద. శామ్యూల్ ఆపలేదు.

"అన్న గాదక్కా," అంది తబిత.

"మరి?"

హెడ్‌ఫోన్‌లో గాజులు గలగలమన్నాయి. తర్వాత, "తల ఇట్ల తిప్పు నందినీ," అంది.

ఇంత మాట చాలదూ! గాలిలో మేడలు కట్టడానికి కొలతలెందుకు? పసుపు నీళ్ళు తన చొక్కా మీద పడినా, లెన్సుకు ఉప్పుగాలి మసక పట్టినా ఆ రోజంతా శామ్యూల్‌కు కోపం రాలేదు. రేపు ముహూర్తం కాగానే చెప్పేయాలి. ఏమని చెప్పాలో కూడా అనుకున్నాడు. "మా ఇంటికి వచ్చేస్తావా తబితా?" అంతే. ఆ నాలుగు ముక్కలూ లోలోపల ఎన్నిసార్లు అప్పజెప్పుకున్నాడో ఆయన దేవుడికే తెలియాలి.

తెల్లవారి ముహూర్తం అయింది. తలంబ్రాల్లో సగం గాలే పోసుకుంది. అప్పగింతలు, ఏడుపులు కూడా అయ్యాయి. పాపక్క సముద్రపు నీళ్ళు నీళ్ళసీసాలో పట్టుకుని బస్సెక్కింది. ఫిరోజ్ వ్యానుకు సామాను ఎక్కిస్తున్నాడు. ఇసుక మీద ఎవరూ లేరు. ఇక చెప్పుకోవడానికి సాకు కూడా మిగల్లేదు. శామ్యూల్ చుడుతున్న వైరు కింద పెట్టి లేచాడు. అంతలో తబితే వచ్చింది. మొహం కడుక్కుని వచ్చింది. చెంపల మీద తడి ఇంకా ఆరలేదు.

"ఏమప్పా, నాకొక పని సేసిపెడతావా?"

"సెప్పు."

"కోలారు నుంచి ఒక సంబంధం వచ్చిండాది. ఇస్కూల్లో సారంట. పెండ్లాం సచ్చిపోయిందంట. మా పాస్టరు సెప్పినాడు. మేకప్పులు ఏసేదాని ఫోటో ఎట్ల నమ్మేది, మొగం కడుక్కోని వీడియో తీసి పంపమన్న్యారంట." నవ్వబోయి ఆపుకుంది. "యాడేడ తీసేవాళ్ళనో ఎందుకు అడిగేది, నువ్వుండావు గదా."

 శామ్యూల్ చెయ్యి చాచాడు. "నీ ఫోనియ్యి. దాంట్లోనే తీస్తే పంపను సులువు."

ఎండ కళ్ళలో పడకుండా ఆమెను పక్కకు తిప్పి నిలబెట్టాడు. మొట్టమొదటిసారి ఆమె మొహం మొత్తం తెర మీద కనిపించింది. కళ్ళకింద నలుపు, గడ్డం మీద చిన్న మచ్చ. అంత అందమైన మొహాన్ని తన జన్మలో తీయలేదనిపించింది.

"నా పేరు తబిత. మాది పుంగనూరు. పార్లరు పెట్టుకోనుండాను." ఆగిపోయింది. "ఇంకేం సెప్పాలప్పా?"

"పెండ్లికూతురు ఏడిస్తే నువ్వూ ఏడుస్తావని సెప్పు," అన్నాడు శామ్యూల్. "కాటిక దిద్దేముందర సేతులు ఊదుకోని ఎచ్చబెట్టుకుంటావని సెప్పు. అందురూ తిన్న్యాకనే తింటావని సెప్పు."

తబిత ఫోను మీదుగా ఆయన కళ్ళలోకి చూసింది. "ఇన్నీ నీకెట్ల తెలుసు?"

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అడగమని అవతలి మనిషే దారి చేసి నిలబడింది.

"ఎడిటింగులో కనబడతాంటాయి," అన్నాడు.

 తబిత ఫోను తీసుకుని చూసుకుంది. బొటనవేలు తెర మీద పెట్టి, తలెత్తింది.

"పంపాల్నా?"

వద్దు అనబోయాడు. కోలారాయన బడి సారు, నెలజీతం ఉన్నవాడు, ఆమెకు ఈ వయసులో వచ్చిన మంచి సంబంధం. దాన్ని చెడగొట్టడానికి తానెవడు? అట్లా అనుకున్నాడు. కాదంటుందేమోనన్న భయం మీద ఆ మంచి మాటను బట్టలా కప్పాడు.

"గాలి సద్దు రవ్వంత ఉండాది. పర్వాలేదు. పంపు."

పంపింది.

వ్యానులో ఆమె వెనక సీటులో కిటికీ పక్కన కూర్చుంది, శామ్యూల్ ముందు ఫిరోజ్ పక్కన. పలమనేరులో టీ తాగుతుంటే ఆమె ఫోను మోగింది. మాట్లాడి వచ్చి, "ఆదివారం సూసేకి వస్తారంట," అంది.

"మంచిదే గదా," అన్నాడు శామ్యూల్. టీ నాలుకను కాల్చినా గ్లాసు దించలేదు.

దీపాలు పెట్టే వేళకు పుంగనూరు చేరారు. తబిత మేకప్ పెట్టె దించుకుని, ముందు కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"వద్దంటావనుకుంటినప్పా," అంది. గొంతులో కోపం లేదు. మెట్లెక్కి వెళ్ళిపోయింది.

మేడ మీద లైటు వెలిగింది. శామ్యూల్‌కు ఏడుపొచ్చింది. ఇప్పుడైనా దిగొచ్చు, మెట్లెక్కొచ్చు, తలుపు ఇంకా తెరిచే ఉంది. వ్యాను తలుపు పిడి మీద చెయ్యి కూడా వేశాడు.

"ఏమన్నా మర్సిపోయినావా శామ్యూలప్పా?" అన్నాడు ఫిరోజ్, ఇంజను ఆపకుండానే.

"లేదు," అన్నాడు శామ్యూల్. "పోనీ."