అద్దె సైలెన్సర్

ఆళ్లగడ్డ నుంచి అహోబిలానికి జీపులు తిప్పే ఆసాముల్లో లక్ష్మీనారాయణను మించిన డాబుసరి మనిషి లేడు. తన జీపు వస్తోందంటే రెండు మైళ్ల అవతలికి తెలియాలని ఆయన పట్టుదల. అందుకని సైలెన్సర్ పీకించి, పొగగొట్టాన్ని వెనక సీటు కిందికే కోయించాడు. ఇంకేం, జీపు కదిలితే బర్రెలు పలుపులు తెంచుకునేవి, ఉయ్యాలల్లో పసిపిల్లలు ఉలిక్కిపడి ఏడ్చేవాళ్లు. ఆయన మాత్రం మీసం దువ్వుకునేవాడు.

ఆ గొట్టం కోసింది మెకానిక్ జకరయ్య కాదు. "వద్దన్నా, పొగంతా లోపలికొస్తాది" అని ఒకసారి చెప్పి చూశాడు కూడా. అలాగని జకరయ్య సుద్దపూసేమీ కాదు. సైలెన్సర్ లేని బండి రోడ్డెక్కడం చట్టం ఒప్పుకోదు. ఏటా నంద్యాలలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండిని చూసి, అన్నీ సరిగా ఉంటేనే, బండి రోడ్డుకు పనికొస్తుందని ఎఫ్‌సీ కాగితం ఇస్తాడు. జకరయ్య షెడ్డులో నిక్షేపంలాంటి సైలెన్సర్ ఒకటుండేది. ఎఫ్‌సీ రోజు పొద్దున దాన్ని జీపుకు బిగించడం, కాగితం చేతికి రాగానే విప్పేయడం. ఎరువు తెచ్చిన నగ ఒక్కటే ఊళ్లో పెళ్లిచూపులన్నిటికీ తిరిగినట్టు, ఆ ఒక్క సైలెన్సరే ఆళ్లగడ్డ జీపులన్నిటికీ తిరిగేది. అందరూ చేసేదే కదా, ఇందులో తప్పేముందని జకరయ్య అనుకునేవాడు.

డెబ్భై ఎనిమిది వానాకాలంలో ఆ తప్పేమిటో తెలిసొచ్చింది. జకరయ్య చెల్లెలు లూదియా అహోబిలం ఆసుపత్రిలో నర్సమ్మ. ఆదివారం ప్రార్థనకని ఇంటికొస్తూ లక్ష్మీనారాయణ జీపెక్కింది. ముందు సీట్లో జనం, వెనక బియ్యం మూటల మధ్య ఆ పిల్ల ఒక్కతే. వాన జల్లు కొడుతోందని వెనక పట్టా కిందికి దించి తాళ్లతో బిగించారు. దోవలో వాగు పొంగింది. బ్యాటరీ చచ్చిన బండి, ఆపితే మళ్లీ తోయాలి. అందుకని లక్ష్మీనారాయణ ఇంజన్ ఆపకుండా గంటసేపు అక్కడే నిలబెట్టాడు. ఆళ్లగడ్డలో పట్టా విప్పి చూస్తే లూదియా మూటకు ఆనుకుని నిద్రపోతున్నట్టే ఉంది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, ఇక లేవలేదు.

మర్నాటికల్లా లక్ష్మీనారాయణ ఎక్కడినుంచో పాత సైలెన్సర్ తెచ్చి తగిలించేశాడు. పోలీసులు అడిగితే జేబులోంచి ఎఫ్‌సీ కాగితం తీశాడు.

"నా బండికి సైలెన్సర్ ఉందని సర్కారోళ్లే ముద్రేసినారు. పొగ యాడిదప్పా? ఆ పాపకు ఏందో గుండెజబ్బు ఉండింటాది" అన్నాడు.

కేసు మూసేశారు. మూసిన వారానికే జీపు మళ్లీ బర్రుమంటూ తిరిగింది. ఆ కాగితం ఎవరి పుణ్యమో జకరయ్యకు తెలియదూ? తను బిగించిన సైలెన్సర్‌ను చూసి వేసిన ముద్రే చెల్లెలిని చంపినవాడిని కాపాడింది. నోరు తెరిస్తే తన గుట్టూ బయటపడుతుంది. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. సమాధి దగ్గర కూడా ఏడవలేకపోయాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ అసహ్యమే రోజులు గడిచేకొద్దీ పగగా మారింది. ఆ జీపు చప్పుడు వినపడిన ప్రతిసారీ పళ్లు కొరికేవాడు.

ఏడాది తిరిగింది. సిగ్గూ ఎగ్గూ లేని ఆ లక్ష్మీనారాయణ నేరుగా షెడ్డుకే వచ్చాడు.

"ఏమప్పా జకరయ్యా, ఎల్లుండి ఎఫ్‌సీ. సైలెన్సర్ బిగిస్తావా?"

"బిగిస్తా అన్నా. నేనూ నంద్యాలకొస్తా" అన్నాడు జకరయ్య తల దించుకుని.

ఆ మాట విన్న వాళ్లమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. "వాని బండిని తాకడానికి నీకు చేతులెట్లా వస్తాండాయిరా?" అంది. జకరయ్య పానాల సంచి సర్దుకున్నాడు. మనసులో ఉన్నది చెబితే అడ్డుపడుతుందని భయం.

నంద్యాలలో ఎఫ్‌సీ మైదానం నిండా బండ్లు, డ్రైవర్లు. ఇన్‌స్పెక్టర్ సుందరరాజు కొత్తగా వచ్చినవాడు. బ్రేకులు చూశాడు, హారన్ కొట్టించాడు, లైట్లు వేయించాడు. ఇంజన్ గుర్రుమనకుండా బుద్ధిగా తిరుగుతోంది. సంతకం చేయడానికి పెన్ను తీశాడు.

అప్పుడు జకరయ్య జీపు కిందికి దూరాడు. పొద్దున కావాలనే వదులుగా పెట్టిన బిగింపు విప్పి, కాలే సైలెన్సర్‌ను వట్టి చేతులతో లాగేశాడు. జీపు ఒక్కసారిగా మైదానమంతా దద్దరిల్లేలా అరిచింది. జనం గుమిగూడారు. జకరయ్య దాన్ని తెచ్చి ఇన్‌స్పెక్టర్ కాళ్ల ముందు పడేశాడు. అరచేతుల తోలు ఊడిపోయింది.

"ఇది నాది సార్. ఈ బండిది కాదు. ఈ పొద్దుకు అద్దెకిచ్చినా."

లక్ష్మీనారాయణకు ఒళ్లు తెలియని కోపం వచ్చింది. అంతమందిలో తలకొట్టేసినట్టయింది మరి.

"ఒరే, పోయినేడు బిగించింది నువ్వు కాదా? అప్పుడు లేని నీతి ఇప్పుడొచ్చిందా? సార్, ఈ దొంగనాయాలే ప్రతి ఏడూ బిగిస్తాండాడు. రాసుకోండి!"

జకరయ్య ఏడాదిగా కాచుకున్నది ఈ మాట కోసమే. ఆ మాట తను చెబితే ఎవరూ నమ్మరు. ఇప్పుడు వందమంది ముందు వాడే చెప్పాడు.

"అంటే పోయినేడూ ఈ బండికి సైలెన్సర్ లేదన్నమాట" అన్నాడు సుందరరాజు నెమ్మదిగా.

లక్ష్మీనారాయణ నాలుక కరుచుకున్నాడు. కరుచుకుని ఏం లాభం?

"ఆ ఏడే సార్, ఈ బండిలో పొగకు మా చెల్లెలు సచ్చిపోయింది" అన్నాడు జకరయ్య. "సైలెన్సర్ ఉందని కాగితం చూపించి తప్పించుకున్నాడు. ఆ కాగితానికి బిగించింది నేనే."

"నీ పేరు కూడా రాయాల్సి వస్తుంది. తెలుసా?"

"తెలుసు సార్. నా పేరే ముందు రాయండి."

ఇన్‌స్పెక్టర్ రాయడం మొదలుపెట్టాడు. పోలీసులకు కబురు పంపారు. లక్ష్మీనారాయణ చెమటలు తుడుచుకుంటూ జకరయ్య పక్కకు జరిగి, పళ్ల మధ్య నుంచి అన్నాడు.

"నన్ను ముంచి నువ్వు తేలతావనుకుంటాండావా? నాతో పాటు నువ్వూ జైలుకే పోతావురా."

"పోదాం పా అన్నా" అన్నాడు జకరయ్య. "ఆడ మనిద్దరికీ పనేముంటాది? మా లూదియా ఎట్లాంటిదో రోజూ చెప్తాంటా, నువ్వు వింటాండు."