యశోద ఓటు

"మా యశోద గూడా సర్వర్లే మేలంటాది" అని హాల్లో ధనుంజయ ఎవరితోనో ఫోన్లో చెప్తున్నాడు. వంటింట్లో జొన్నరొట్టె తడుతున్న యశోద చెయ్యి ఆగిపోయింది. ఆ మాట తానెప్పుడు అన్నది?

"ఏందమ్మా, మాడు వాసనొస్తాంది!" అత్త ఉచ్చీరమ్మ కేకేసింది. పెనం మీది రొట్టె తిప్పింది గానీ, యశోద మనసు ఆ మాట దగ్గరే ఉంది.

ధనుంజయ ఎమ్మిగనూరులో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్తాడు. ఆరేండ్ల కిందట మొగుడూ పెండ్లాం, ఇంకో పదిమంది స్నేహితులు కలిసి 'మగ్గం' అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టారు. ఓపెన్‌సోర్స్. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, లోపలి కోడ్ మార్చుకోవచ్చు. లోపలి పని ధనుంజయది. తెర మీద కనిపించేదంతా యశోదది: తెలుగు అక్షరాలు, కీబోర్డు, ఒక్కో మెనూకి వెతికి వెతికి పెట్టిన తెలుగు మాట. అత్తకు మందులిచ్చి, గిన్నెలు తోమి, మధ్యాహ్నం ఇల్లు కునుకు తీసేటప్పుడు చేసిన పని. ఇంటికెవరైనా వస్తే "సిస్టమ్ నాది, రంగులు మా ఆమెవి" అని నవ్వేవాడు ధనుంజయ. వాళ్ల ముందు టీ పెడుతూ తనూ నవ్వేది.

ఇప్పుడు మగ్గం గుంపులో ఓటింగు నడుస్తోంది. ఉన్న మనుషులతో రెండు పనులు సాగడం లేదు. ఇండ్లలో, బడుల్లో వాడే డెస్క్‌టాప్‌ల కోసం మగ్గాన్ని నడపాలా, కంపెనీల్లో తెర కూడా అక్కర్లేకుండా పనిచేసే సర్వర్ల కోసం నడపాలా? "సర్వర్లోళ్లు తప్పు కనబడితే దిద్ది పంపిస్తారు. డెస్క్‌టాప్ వాడేటోళ్లు తిట్టి పంపిస్తారు" అనేవాడు ధనుంజయ. అందులో నిజముందని యశోదకూ తెలుసు. అందుకే ఎటూ తేల్చుకోలేక, ఆదివారం దాకా గడువుంది కదా అని ఊరుకుంది.

ఆ వారమంతా అతని మంచితనమే ఆమెను కలవరపెట్టింది. అడగకుండానే బట్టలు ఆరేశాడు. "కండ్లు నొప్పి చేస్తాయి, ల్యాప్‌టాప్ పక్కన పెట్టరాదూ" అని రెండు దినాలు దాన్ని తెరవనీయలేదు. ఆమె గదిలోకొస్తే తన ల్యాప్‌టాప్ మూసేసేవాడు. ఇంకో ఆడమనిషా అని ఒక్క క్షణం అనుకుని, అదైతే ఇంతకంటే సులభంగా అర్థమయ్యేది కదా అని తనలో తనే నవ్వుకుంది. పెండ్లయిన కొత్తలో ఏదడిగినా "నీకన్నీ అనుమానాలే" అనేవాడు. అప్పట్నుంచి అనుమానమొస్తే తప్పు తనదేనేమో అని దాన్ని లోపలే నొక్కేయడం అలవాటైంది. ఈసారి మాత్రం నొక్కేకొద్దీ పైకి లేస్తోంది.

శనివారం బస్సెక్కి ఆదోనిలో కౌసర్ ఇంటికి పోయింది. కౌసర్ కౌతాళంలో ఆడపిల్లల బడిలో టీచరు, మగ్గం గుంపులో తనూ ఒకతె. ఆ బడిలో పది పాత కంప్యూటర్లు మగ్గం మీదే నడుస్తాయి. ఎప్పుడూ ఎదురొచ్చి చెయ్యి పట్టుకునే కౌసర్ ఈరోజు గుమ్మంలోనే నిలబడింది.

"నువ్వే ఇట్ల జేస్తే ఎట్లక్కా? మా పిల్లల్లో సగం మందికి ఇంట్లో ఫోన్ గూడా ముట్టనీరు. మాది అని వాళ్లు కూర్చునేది ఆ తెర ముందర్నే. వాళ్లు యాడికి పోవల్ల?"

"నేనేం చేసినా?"

కౌసర్ ఫోన్ చూపించింది. గుంపులో అందరికీ నిన్న యశోద మెయిల్ నుంచి వచ్చిన ఉత్తరం.

'నా ఓటు సర్వర్లకే. ఇంటి పని ఎక్కువైంది. డెస్క్‌టాప్ పని ఇక చేయలేను. — యశోద.'

ఆ మెయిల్ పెండ్లయిన వారానికి ధనుంజయే తెరిచిచ్చాడు. పాస్‌వర్డ్ అతనికి తెలుసు. మారిస్తే మొగుణ్ణి అనుమానించినట్టు అవుతుందని ఆమె ఏనాడూ మార్చలేదు.

'ఇంటి పని ఎక్కువైంది' దగ్గర చూపు నిలిచిపోయింది. "ఇంట్లో ఉండి ఏం జేస్తాండావే" అని అడిగిన నోరే అది. ఈ ఇంట్లో పని ఉందని ఇన్నేండ్లలో మొదటిసారి ఒప్పుకున్నాడు. అదీ ఆమె పేరుతో, ఆమెను పక్కకు తప్పించడానికి.

"ఇది నేను రాయలేదు కౌసర్."

నమ్మాలా వద్దా అన్నట్టు చూసింది కౌసర్. ఉత్తరం కంటే ఆ చూపే ఎక్కువ గుచ్చుకుంది.

సాయంత్రం ఇంటికొచ్చి నేరుగా అడిగింది. ధనుంజయ తల కూడా ఎత్తలేదు.

"నువ్వెట్లాగూ అదే అంటావనుకున్న్యా. మొగుడు పెండ్లాల మధ్య నీ పేరు, నా పేరు ఏందే?"

"అట్లయితే నీ పేరుతో నేనొక ఉత్తరం రాస్తా. సరేనా?"

అతను తన ల్యాప్‌టాప్ మూసేశాడు.

"కంప్యూటర్ కోసం కొట్లాటేందమ్మా? ముందు అన్నం పెట్టు" అంది ఉచ్చీరమ్మ.

"మీ కొడుకు పెడతాడత్తా" అని యశోద తన ల్యాప్‌టాప్ తెరిచింది. మొదట పాస్‌వర్డ్ మార్చింది. తర్వాత గుంపులో అందరికీ రాసింది.

'నిన్న వచ్చిన ఉత్తరం, ఓటు నావి కావు. నా మెయిల్ నుంచి నా భర్త పంపాడు. నా ఓటు డెస్క్‌టాప్‌లకు. మీరంతా సర్వర్ల వైపు పోయినా, మగ్గం కాపీ ఒకటి తీసుకుని బడిపిల్లల కోసం నేను నడుపుతాను. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ ఉత్తరంలో ఒక్క మాట మాత్రం నిజం: ఇంటి పని ఎక్కువైంది. ఈ పూట నుంచి అందులో సగం ధనుంజయ చేస్తాడు.'

పంపేముందు అతనికి చదివి వినిపించలేదు.