జవాబు వచ్చే వేళ

ఇంజనీరమ్మ చిన్న కంప్యూటరు వెనక తలుపు తీసి, ఫ్యాను జాలీకి పట్టిన కాగితపు నూగును బ్రష్షుతో దులుపుతోంది. కాగితం మిల్లులో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, ఇంట్లో అత్తగారు కూడా "ఇంజనీరమ్మ వచ్చిందా?" అనే అడుగుతుంది. పక్కన, వైర్లు ఊడదీసిన పెద్ద కంప్యూటరు బీరువాలా నిలబడి ఉంది. నిన్నటిదాకా రోలర్లను నడిపింది అదే.

రెండూ ఒకే కంపెనీవి. పెద్దదాని ప్రాసెసరు అనేక పలకల వరుస. ఒక పలక లెక్క చేస్తుంటే, మరొకటి తరువాతి ఆదేశాన్ని ముందే అందుకుని సిద్ధంగా ఉంచుతుంది. చవకరకం చిన్నదానికి అంతా ఒక్క పలకే. ఒక పని ముగిస్తే గానీ రెండోది ముట్టుకోదు.

"రెంటికీ ఒకే ప్రోగ్రాం, ఒకే జవాబు. ఇంకా ఈ ఏనుగును మేపడం దేనికి?" అన్నాడు మేనేజరు మొన్న.

"జవాబు ఒకటేనండీ, వచ్చే వేళ ఒకటి కాదు. కాగితం తెగితే రోలర్లన్నీ ఆపమని ఒక్కసారే మొత్తుకుంటాయి. ఈ చిన్నది ఒక్కొక్కదాని గోడూ విని గానీ ఆపదు."

"మీకు పాతదంటే పిచ్చి ప్రేమ," అని అతను నవ్వేశాడు.

మధ్యాహ్నం కాగితం తెగింది. రోలరు దగ్గరున్నది ఆమె మరిది. రోజూలాగే తెగిన కొసను లాగబోయాడు. రోలరు ఆగింది, కాస్త ఆలస్యంగా.

ఆసుపత్రిలో, కట్టు కట్టిన చేతిని చూసుకుంటూ అతనన్నాడు: "నా తప్పేం లేదు వదినా. చెయ్యి పెట్టేసరికి ఎప్పుడూ ఆగిపోయుండేది."

రెండు వేళ్ళు పోయాయి. ఆమె అతని నుదుటికి అంటిన నూగును చేత్తో తుడిచి లేచింది.

మిల్లుకు తిరిగొచ్చేసరికి, తప్పు ఆపరేటరు అజాగ్రత్తదేనని మేనేజరు తేల్చేశాడు. రోలర్లు మళ్ళీ తిరుగుతున్నాయి, వాటి పక్కన ఇంకెవరో. ఆమె అతని బల్ల ముందు నిలబడింది.

"అజాగ్రత్త అన్న మాట వెనక్కి తీసుకోండి."

"తీసుకుంటే పోయిన వేళ్ళు వస్తాయా మేడం?"

"రావు. వాడి పరువు నిలుస్తుంది."

అతను ఫోను ఎత్తి ఇంకెవరితోనో మాట్లాడసాగాడు. ఆమె నేరుగా కంప్యూటరు గదికి వెళ్ళి, చిన్నదాని తాళంచెవి తిప్పి లాగేసింది. మిల్లంతా మూగబోయింది. పరుగున వచ్చిన మేనేజరు అరచేతిలో ఆ తాళంచెవి పెట్టింది.

"మళ్ళీ తిప్పేది మీరే. ఈసారి రోలరు దగ్గర మీ చెయ్యే పెట్టండి."

ఎవరు పిలిచినా వెనక్కి చూడకుండా గేటు దాటింది. మళ్ళీ రాలేదు.

కంప్యూటర్ల కోసం చల్లగా ఉంచే ఆ గదిలో, కుర్చీ వీపుకు ఆమె స్వెట్టరు అలాగే వేలాడుతోంది. ఊడిన గుండీ చోట ఎర్ర వైరు ముడి.